‘బస్సే కదా, నేనూ వస్తా’ అంటున్న నాన్న

మ్యూనిక్ నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. కుదించి చెబుతాను. ఆమెకి 36 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, మూడేళ్ళ క్రితం విడాకులయ్యాయి. అప్పటినుంచి సెలవులన్నీ తిరుపతి వచ్చి అమ్మానాన్నల దగ్గరే గడిపారట. “వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు సంబంధం మాట ఎత్తడం, నేను లేచి మేడ మీదికి వెళ్ళిపోవడం” అని రాశారు. ఈ అక్టోబరులో మాత్రం రెండు వారాలు సెలవు పెట్టి, వీపుకి ఒక బ్యాగు తగిలించుకుని, టర్కీ దక్షిణ తీరం వెంట అంతాల్యా నుంచి ఫెతియే దాకా బస్సుల్లో ఒక్కరే తిరగాలని అనుకున్నారు. హాస్టల్ డార్మిటరీలో పడక, ఊరి నుంచి ఊరికి మినీబస్సు, నచ్చిన చోట ఒక రోజు ఎక్కువ. ఆ మ్యాపు ఎప్పటినుంచో ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

ఈ సెప్టెంబరులో అమ్మానాన్న రెండు నెలలు ఉండడానికి మ్యూనిక్ వచ్చారు. నాన్నగారికి 64. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ రోడ్డు మీదే. షుగర్ మాత్రలతో అదుపులో ఉంది, మోకాళ్ళు కొంచెం ఇబ్బంది పెడతాయి. ఆయన ఫ్రిజ్ మీద మ్యాపు చూశారు, ఊళ్ళ పేర్లు అడిగి తెలుసుకున్నారు, యూట్యూబులో టర్కీ బస్సుల వీడియోలు చూడటం మొదలుపెట్టారు. “వీటికి ఇంజను వెనకుంటుందా?” అని అడిగారు కూడా. ఒక రోజు కాఫీ తాగుతూ “బస్సే కదా, నేనూ వస్తా” అన్నారు. ఈమె “చూద్దాం నాన్నా” అన్నారు. అక్కడినుంచి టెన్షన్ మొదలు. నిన్ను ఒంటరిగా పంపడం ఇష్టం లేక వస్తానంటున్నారు, కాదనకు అని అమ్మ. జన్మంతా బస్సులోనే గడిపిన మనిషిని రిటైరయ్యాక కూడా బస్సెక్కిస్తావా, కారు తీసుకో, డబ్బులు నేను పంపిస్తా అని హైదరాబాదు నుంచి తమ్ముడు. చివర్లో ఆమె రాసింది ఇది: “నాకు నాన్నంటే ప్రాణం. కానీ ఆయన రావడం నాకు ఇష్టం లేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఏం చెయ్యమంటారు?”

జవాబు:

సిగ్గు సంగతి ముందు తేల్చేద్దాం. మీ ప్రాణ స్నేహితురాలు వస్తానన్నా మీకు ఇంతే ఇబ్బందిగా ఉండేది. ఈ మూడేళ్ళలో మీ సెలవుల్లో ఒక్క రోజు కూడా మీది కాలేదని మీ ఉత్తరంలోనే ఉంది. ఏ ఊళ్ళో దిగాలో, ఎప్పుడు తినాలో, ఎవరితోనూ మాట్లాడకుండా ఎంతసేపు కూర్చోవాలో మీరే నిర్ణయించుకునే పద్నాలుగు రోజులు కావాలనుకున్నారు. అందులో నాన్న మీద ప్రేమ తగ్గిందనడానికి ఏముంది?

ఇక అసలు చిక్కు. మీ నాన్నగారు ఎందుకు వస్తానన్నారో మీకు తెలియదు. అమ్మ ఒక కారణం చెప్పారు, తమ్ముడికి ఇంకోటి తోచింది, ఆయన్ని వదిలేసి వెళ్తున్నందుకు బాధపడుతున్నారేమో అని మీకు మీరు అనుకుంటున్నారు. ముగ్గురిలో ఒక్కరూ ఆయన్ని అడగలేదు. కూతురికి కాపలాగా వెళ్ళాలనుకునే తండ్రి ఇంజను వెనకుంటుందా ముందుంటుందా అని అడగడని నాకనిపిస్తోంది. కానీ ఇది నా ఊహ, దాని మీద టికెట్లు కొనకండి. ఈ వారమే, అమ్మ పక్కన లేనప్పుడు, “నాన్నా, నా కోసం భయపడి వస్తానంటున్నావా, నీకే చూడాలని ఉందా?” అని సూటిగా అడగండి. జవాబుని బట్టి దారి మారిపోతుంది.

భయమే కారణమైతే ఆయన్ని వెంట తీసుకెళ్ళినా అది తీరదు, ఎందుకంటే వచ్చే ఏడాది మీరు ఇంకో చోటికి వెళ్తారు. దానికి వివరాలు చెప్పడమే మందు. ఆ తీరం నిండా టూరిస్టులే, ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళు అక్కడ వింతేమీ కాదు. దూరప్రయాణపు పెద్ద బస్సుల్లో టికెట్ కొనేటప్పుడు మీరు ఆడా మగా అని అడుగుతారు, సంబంధం లేని ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ పక్కపక్క సీట్లలో కూర్చోబెట్టరు. బస్సులో డ్రైవరు కాకుండా ఇంకో సహాయకుడు ఉంటాడు, టీ నీళ్ళు అందిస్తాడు, మీ బ్యాగు ఎక్కడ పెట్టాడో గుర్తుంచుకుంటాడు. ఇవన్నీ నాన్నగారికి చెప్పండి, మనకంటే ఆయనకే త్వరగా అర్థమవుతాయి. నిజంగా జాగ్రత్తపడాల్సింది చీకటి పడ్డాక దిగడం గురించి. ఒలింపోస్ లాంటి చోట్లకి బస్సు హైవే మీద దించి వెళ్ళిపోతుంది, అక్కడినుంచి కింద సముద్రం దాకా ఇంకో మినీబస్సు పట్టుకోవాలి. అది జనం నిండితేగానీ కదలదు, సీజన్ తగ్గే కొద్దీ ట్రిప్పులూ తగ్గుతాయి. మధ్యాహ్నానికల్లా దిగేలా చూసుకుంటానని ఆయనకి మాటివ్వండి, ఆ మాట మీకూ పనికొస్తుంది.

లేదు, ఆయనకే చూడాలని ఉందనుకోండి. అప్పుడు నాకు మీ నాన్నగారి మీద ముచ్చటేస్తోంది. నేను ఆ దారిలో బస్సుల్లోనే తిరిగాను. డెమ్రే దాటాక కాష్ వైపు, మళ్ళీ కాష్ నుంచి కల్కన్ దాకా, ఒక పక్క కొండ రాయి, ఇంకో పక్క కిందికి చూస్తే నీలం రంగు నీళ్ళు, మధ్యలో వంకర మీద వంకర. దోల్‌ముష్ అనే ఆ మినీబస్సుల్లో వెనక సీటు వాళ్ళు చార్జీ డబ్బులు చేతులు మార్చి ముందుకి పంపిస్తారు, డ్రైవరు ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఇంకో చేత్తో చిల్లర లెక్కపెట్టి వెనక్కి పంపుతాడు, అదీ మలుపులో. ఘాట్ రోడ్డు డ్రైవరుగా పనిచేసిన మనిషి అది చూస్తే ఏమంటారో వినాలని నాకే ఉంది! పైగా అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి, ఆయన ప్రతి మలుపులోనూ లేని బ్రేకు తొక్కుతూనే ఉంటారు. “జన్మంతా బస్సులోనే గడిపాడు” అన్న మీ తమ్ముడు ఒకటి మర్చిపోయాడు. ఆయన గడిపింది స్టీరింగ్ వెనక. కిటికీ పక్కన కూర్చుని, ఇంకొకరు నడుపుతుంటే సముద్రం చూసే అవకాశం ఆ ఉద్యోగంలో ఎప్పుడు దొరుకుతుంది?

అంతమాత్రాన తీసుకెళ్ళి తీరాలని నేననడం లేదు. ఆయన కోరిక మంచిదైతే మీ కోరిక చెడ్డదైపోదు. మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, మీరు అనుకున్నట్టే ఒక్కరే వెళ్ళడం. వెళ్ళొచ్చు. కానీ “చూద్దాం” అనే మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి, అదే ఇప్పుడు అందరికంటే ఎక్కువ నష్టం చేస్తోంది. ఆయన రోజూ వీడియోలు చూస్తూ ఆశ పెంచుకుంటున్నారు, మీరు రోజూ లోపల కుమిలిపోతున్నారు. “నాన్నా, ఈ ఒక్కటి నేను ఒంటరిగా వెళ్ళాలి, విడాకులయ్యాక నాకోసం నేను చేసుకుంటున్న మొదటి పని ఇది” అని చెప్పండి. ఆఫీసు రూలు, హాస్టల్లో చోటు లేదు లాంటి సాకులు వద్దు, మూడు రోజుల్లో దొరికిపోతారు. ఆయన చిన్నబుచ్చుకుంటారు, రెండు పూటలు మౌనంగా ఉంటారు, అమ్మ మిమ్మల్ని గుర్రుగా చూస్తారు. దానికి సిద్ధపడాలి. బదులుగా ఆయనకంటూ ఇంకో బస్సు ప్రయాణం, మీరున్న చోటినుంచే ఆల్ప్స్ కొండల్లోకి ఒక వారాంతం, తేదీతో సహా చెప్పగలిగితే ఆ బాధ తొందరగా తగ్గుతుంది. తేదీ లేకుండా “తర్వాత తీసుకెళ్తా” అంటే అది ఇంకో “చూద్దాం” అవుతుంది.

రెండోది, రెండు వారాలూ ఇద్దరూ కలిసి. దీనికి ఒప్పుకునే ముందు ఆ ఫ్రిజ్ మీది మ్యాపు తీసి పక్కన పెట్టాలి. డార్మిటరీ పోతుంది, ఊరూరా కుటుంబాలు నడిపే పాన్సియోన్లలో గది తీసుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ తీరప్రాంతానికి పూర్వం లిసియా అని పేరు. లిసియన్ వే అని 1999లో గుర్తులు వేసి తెరిచిన కాలిబాట ఆ తీరం వెంటే వందల కిలోమీటర్లు పోతుంది, మీరు అందులో కొన్ని ముక్కలు నడవాలని రాశారు, ఆయన మోకాళ్ళతో అది కుదరదు. చిరలి దగ్గర నేలలోంచి సహజవాయువు మంటలు వేల ఏళ్ళుగా వెలుగుతుండే యానార్‌తాష్‌కి రాత్రిపూట ఎక్కడం బాగుంటుంది, అదీ ఎత్తే, చీకట్లో మెట్లు. కయాకోయ్‌లో గ్రీసు, టర్కీల మధ్య 1923 జనాభా మార్పిడి తర్వాత గ్రీకులు వదిలి వెళ్ళిన రాతి ఇళ్ళన్నీ వాలు మీదే, కాళ్ళ కింద రాళ్ళు కదులుతాయి. ఇలా కొన్ని తగ్గుతాయి. కొన్ని బాగుంటాయి కూడా. డెమ్రే పక్కన మిరాలో కొండకి తొలిచిన సమాధులు, రోమన్ థియేటర్ కింద నిలబడే చూడొచ్చు. కాష్‌లో పాత థియేటర్ ఊరిని ఆనుకునే ఉంది, సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా గ్రీకు ద్వీపం మెయిస్ కనిపిస్తుంది. అయితే ఈ దారిలో మీకు కావలసిన ఏకాంతం ఏమీ మిగలదు. మిగుల్తుందని మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకుని వెళ్తే నాలుగో రోజుకి టీ గ్లాసు దగ్గర చిరాకు పడతారు, ఆ చిరాకు ఆయన మీదకి పోతుంది, జీవితాంతం గుర్తుండేది అదే.

మూడోది, రెండుగా విడగొట్టడం. కొన్ని రోజులు ఆయనతో, కొన్ని రోజులు మీరొక్కరే. ఉత్తరం చదవగానే నా మనసు దీనివైపే మొగ్గింది, అయితే ఇందులోనూ మెలికలున్నాయి. మొదట మీరొక్కరే తిరిగి తర్వాత ఆయన్ని కలుద్దామనుకుంటే, ఆయన మ్యూనిక్‌లో ఒక్కరే విమానమెక్కి, కొత్త దేశం ఇమిగ్రేషన్లో ఒక్కరే నిలబడాలి. మీ ఏకాంతపు చివరి రోజులన్నీ “ఆయన బయల్దేరారా, దిగారా” అనే ధ్యాసలోనే పోతాయి. దానికి బదులు మొదటి ఐదారు రోజులు ఆయనతో వెళ్తే? ఇద్దరూ కలిసే అంతాల్యాలో దిగుతారు. పాత ఊళ్ళో, రోమన్ చక్రవర్తి హేడ్రియన్ వచ్చినప్పుడు కట్టిన ద్వారం చుట్టుపక్కల ఒకటి రెండు రోజులు. తర్వాత బస్సులో డెమ్రే మీదుగా కాష్, అక్కడ రెండు రాత్రులు, మళ్ళీ బస్సులోనే వెనక్కి. అంతాల్యా కాష్ మధ్య రమారమి 190 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు, ఆ దారి ఆయనకి రెండుసార్లు దొరుకుతుంది. తిరుగు విమానం ఎక్కించి, మ్యూనిక్‌లో మీకు తెలిసిన వాళ్ళెవరైనా దింపుకునేలా చూసుకుంటే, ఆ సాయంత్రం నుంచి మిగిలినవన్నీ మీ రోజులు, వాటికి గడువు లేదు. ఫెతియే వైపు, పటారా, నడకలు, డార్మిటరీ అన్నీ అప్పుడు. ఇబ్బంది ఏమిటంటే తిరుగు ప్రయాణంలో ఆయన ఒక్కరే జర్మనీ ఇమిగ్రేషన్ దాటాలి, భాష సమస్య. మీ చిరునామా, ఫోను నంబరు, ఇండియాకి తిరుగు టికెట్, మీరిచ్చిన ఆహ్వాన పత్రం కాపీ ఒక ఫైల్లో పెట్టి ఇవ్వాలి. ఇంకో ఇబ్బంది మీ వైపు నుంచే రావచ్చు. ఆయన వెళ్ళే రోజున “ఇంకో రెండు రోజులు ఉండు నాన్నా” అని మీరే అనేస్తారేమో! ఆ టికెట్ ముందే కొనేయండి.

నాలుగోది మీ తమ్ముడి కారు. కొట్టిపారేయను. పటారాలో హైవే నుంచి శిథిలాలు, బీచ్ అన్నీ కొన్ని కిలోమీటర్లు లోపలికి, క్సాంతోస్ అనే ప్రాచీన నగరానికి బస్సులో వెళ్తే కినిక్ అనే ఊళ్ళో దిగి పైకి నడవాలి, కారుంటే ఇవన్నీ ఒక్క రోజులో అయిపోతాయి. మోకాళ్ళకీ సుఖం. కానీ నడిపేది మీరు, పక్క సీట్లో ఘాట్ రోడ్డు డ్రైవరు. గేరు, హారను, ఓవర్‌టేకు అన్నీ పరీక్షలే. మీకు కావలసిన ఏకాంతమూ లేదు, ఆయనకి కావలసిన బస్సూ లేదు, తమ్ముడికి మాత్రం తృప్తి. పటారాలో లిసియా నగరాల సమాఖ్య సభాభవనం ఇప్పటికీ ఉంది. ఆ సమాఖ్యలోని 23 నగరాల్లో పెద్దవాటికి మూడు ఓట్లు, మధ్యరకం వాటికి రెండు, చిన్నవాటికి ఒకటి ఉండేవని ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాసిపెట్టాడు. మీ ఇంట్లో ఈ ప్రయాణం మీద తమ్ముడికి ఎన్ని ఓట్లివ్వాలో మీరు ఆలోచించుకోండి, డబ్బు తీసుకుంటే మాత్రం మూడూ ఇచ్చినట్టే. అతనికి నిజంగా సాయం చెయ్యాలనుంటే నాన్నగారి విమానం టికెట్, ఇన్సూరెన్సు కొనమనండి.

ఇప్పుడొక పని. ఎవరితోనూ మాట్లాడకముందే నాన్నగారి పాస్‌పోర్టులో షెంగెన్ వీసా స్టిక్కర్ చూడండి. జర్మనీతో సహా యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా అది, టర్కీ ఆ షెంగెన్ దేశాల్లో లేదు. ఆయన వీసా ఒక్క ప్రవేశానికే అయితే, టర్కీకి వెళ్ళాక మళ్ళీ జర్మనీలోకి రాలేరు. ప్రవేశాల సంఖ్య దగ్గర రెండు అని గానీ మల్టిపుల్ అని గానీ ఉంటేనే రెండు, మూడు, నాలుగు దారులు. టర్కీ వైపు అంత కష్టం లేదు. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉన్న భారతీయులు ఆన్‌లైన్లో ఇ-వీసా తీసుకోవచ్చు, కానీ అది ఒకే ప్రవేశానికి, 30 రోజులకి. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజు అధికారిక సైట్లో ఒకసారి చూసుకోండి. ఇ-వీసా ఒకే ప్రవేశానికి కాబట్టి, కాష్‌లో దిగాక ఎదురుగా ద్వీపం కనిపిస్తోంది కదా, అరగంట పడవ ప్రయాణమే కదా అని మెయిస్‌కి వెళ్ళొద్దామనుకోకండి. అక్కడ కాలు పెడితే టర్కీ నుంచి బయటికి వెళ్ళినట్టే, తిరిగి రావడానికి మళ్ళీ వీసా.

స్టిక్కర్ మీద ఒక్క ప్రవేశం అని కనిపిస్తే మీకు ముందుగా ఏమనిపించిందో గమనించండి. “హమ్మయ్య” అనిపిస్తే, ఆ వీసాని అడ్డం పెట్టుకుని తప్పించుకోకండి, ఒంటరిగా వెళ్ళాలనుందని చెప్పాల్సిన మాట అప్పుడు కూడా చెప్పండి. లేకపోతే వచ్చే ఏడాది మల్టిపుల్ వీసాతో వస్తారు, మళ్ళీ ఇదే కాఫీ, ఇదే మాట. “అయ్యో” అనిపిస్తే మూడో దారి మీద మీకే మనసుందన్నమాట, అప్పుడు వచ్చే వేసవికి ముందే ఏర్పాట్లు చేసుకోవచ్చు, మే నెలలో కూడా ఆ తీరం బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో మాత్రం షుగర్ ఉన్న మనిషిని ఆ ఎండలో రాళ్ళ మధ్య తిప్పొద్దు.

ఆయన వచ్చేట్టయితే మరికొన్ని. మాత్రలు, షుగర్ చూసుకునే మిషను చేతి సంచిలో ఉండాలి, బస్సు డిక్కీలో వేసే పెద్ద బ్యాగులో కాదు. వీసా కోసం తీసుకున్న ఇన్సూరెన్సు సాధారణంగా షెంగెన్ దేశాలకే, టర్కీకి విడిగా చూసుకోండి. తిండికి ఇబ్బంది పడరు, కందిపప్పు కాకపోయినా ఎర్ర పప్పు సూప్ ప్రతి ఊళ్ళోనూ దొరుకుతుంది, పెరుగు, అన్నం దొరుకుతాయి, మిరప తునకలు టేబుల్ మీదే ఉంటాయి. అన్నంలో కోడి మాంసం నీళ్ళు వాడే అవకాశం ఉంది, శనివారాలు నీచు తినకపోతే అడిగి తినాలి. టీలో చక్కెర బిళ్ళలు విడిగా ఇస్తారు, వెయ్యకుండా తాగితే సరి. కందిపొడి డబ్బా ఒకటి పెట్టుకోండి, ఊరగాయ సీసా అయితే చెక్-ఇన్ బ్యాగులో.

ఇంత ఉత్తరంలో మీ అమ్మగారి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. ఇద్దరూ వెళ్ళిపోతే భాష రాని ఊళ్ళో ఆమె ఐదారు రోజులు ఒక్కరే ఉండాలి. ఉండగలరేమో, ఆ నిశ్శబ్దం ఆమెకి నచ్చుతుందేమో కూడా, లేదా నాన్నగారిని మీ వెంట పంపుతూ తను ఇంట్లో భయపడుతూ కూర్చుంటారేమో. తేదీలు ఖాయం చేసేలోపు ఆమెని అడగండి. మీ బిల్డింగులో గానీ దగ్గర్లో గానీ తెలుగువాళ్ళుంటే పరిచయం చెయ్యండి, ఎమర్జెన్సీ నంబరు 112 అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, మ్యాపు తీశాక ఆ ఫ్రిజ్ మీద చోటుంటుంది.